చెట్టు చచ్చిపోయిందని గ్రూపులో పెట్టేశాను, ఇప్పుడేమో అది చావలేదేమోనని అనుమానం

మల్కాజిగిరి వైపు ఒక అపార్ట్‌మెంట్ నుంచి ఈ ఉత్తరం వచ్చింది. రాసినావిడ పేరు వద్దన్నారు. నాలుగు పేజీలు రాశారు, కుదించి చెప్తాను.

వీళ్లు కిందటి జూన్‌లో రెండో అంతస్తులో ఫ్లాట్ కొనుక్కుని దిగారు. ఆవిడది ఇంటి నుంచి చేసే ఉద్యోగం. భర్త, యూకేజీ చదివే పాప, అత్తగారు. ఫ్లాట్ నచ్చడానికి సగం కారణం బాల్కనీకి ఎదురుగా, గేటు బయట రోడ్డు పక్కన ఉన్న పెద్ద చెట్టేనట. దాని పేరు ఎవరికీ తెలియదు. చింతాకులాంటి ఆకే కానీ ఇంకాస్త పెద్దది. చీకటి పడేసరికి ఆకులన్నీ ముడుచుకుంటే పాప "చెట్టు బజ్జుంది" అనేదట. గ్రౌండ్ ఫ్లోర్‌లో రిటైరైన అంకుల్, ఆంటీ ఉంటారు. మూడున్నరకి స్కూల్ బస్సు దిగిన పాపని ఈవిడ మీటింగులు అయ్యేదాకా ఆంటీ చూసుకునేవారు. అంకుల్‌కి మాత్రం ఆ చెట్టంటే చిరాకు. కారు మీద ఆకులు, పిట్టల రెట్టలు.

నవంబర్ చివర్లో ఒకరోజు పొద్దున్నే అంకుల్ ఒక బకెట్టు తెల్లటి నీళ్లు చెట్టు మొదట్లో పోయడం ఈవిడ పైనుంచి చూశారు. డిసెంబర్‌లో ఆకు పసుపు పడటం మొదలైంది, నెలన్నర తిరిగేసరికి ఎండు కాయలు తప్ప ఒక్క ఆకు లేదు. రాత్రుళ్లు గాలి వీస్తే ఆ కాయలు "ఎవరో ఎండిన గజ్జెలు ఊపుతున్నట్టు" చప్పుడు చేస్తున్నాయట, నిద్ర పట్టడం లేదట. సంక్రాంతి అయిన రెండో రోజు కోపం ఆపుకోలేక అపార్ట్‌మెంట్ వాట్సాప్ గ్రూపులో పెట్టేశారు: "బంగారంలాంటి చెట్టుని చంపేశారు. గ్రౌండ్ ఫ్లోర్ వాళ్లు బకెట్టుతో ఏం పోశారో చెప్తే బాగుంటుంది." అంకుల్ జవాబు ఇవ్వలేదు, గ్రూపులోంచి వెళ్లిపోయారు. ఆంటీ పాపని పలకరించడం మానేశారు. ఇంతలో సెక్రటరీ గారు అందుకున్నారు: చచ్చిన చెట్టు ఎండాకాలం గాలివానకి ఎవరి మీదైనా పడితే ఎవరిది బాధ్యత, కొట్టించేద్దాం అని. మనిషిని కూడా మాట్లాడారు, అతను పైసా తీసుకోకుండా కొట్టి, చోటంతా ఊడ్చి మరీ పోతానన్నాడట. ఈ ఆదివారం మీటింగ్. అత్తగారేమో ఇంటి ముందు మోడు అరిష్టం, పోనివ్వండి అంటున్నారు. భర్త "నీకెందుకు చెప్పు ఇవన్నీ" అంటున్నారు. మొన్న ఇంటికొచ్చిన ఒక స్నేహితురాలు చెట్టు చూసి, ఇది ఏటా ఆకు రాల్చే రకమేమో కదా అనేసరికి ఈవిడ గుండె జారిపోయింది. ఫోన్‌లో యాప్‌తో ఫోటో తీస్తే మూడుసార్లకి మూడు పేర్లు చెప్పింది: గుల్‌మొహర్, రెయిన్ ట్రీ, లెబ్బెక్.

"ఇది ఏ చెట్టు? నిజంగా చచ్చిందా? చావకపోతే నేను అంకుల్ మొహం ఎలా చూడాలి?" అని అడిగారు.

ఆదివారం మీటింగ్ అన్నారు కాబట్టి వరసలో ముందున్న ఉత్తరాలు పక్కన పెట్టి మీకే రాస్తున్నానండి. మూడు ప్రశ్నలూ విడివిడిగా అడిగారు కానీ నాకు ఒక్కటే ముడిలాగా కనిపిస్తోంది. చెట్టు పేరు తెలిస్తే రెండో ప్రశ్న దాదాపు తేలిపోతుంది. మూడోది మాత్రం చెట్టు బతికి ఉన్నా లేకపోయినా మీ ముందు అలాగే ఉంటుంది, దాని సంగతి చివర్లో మాట్లాడదాం.

ముందు చెట్టు. నేను చూడలేదు, మీరు పంపిన ఫోటోలో మోడు కొమ్మలు, వెనక వాటర్ ట్యాంకు తప్ప ఏమీ తెలియడం లేదు (యాప్‌ని ఎందుకు తిట్టుకోవడం, దానికీ ఇదే ఫోటో చూపించారు కదా). కానీ మీ ఉత్తరంలోనే మీకు తెలియకుండా చాలా చెప్పేశారు. ఎండిన గజ్జెలు అన్నారు చూడండి, ఆ ఒక్క మాటకి నేను తొంభై వంతులు తేల్చుకున్నాను. అది దిరిసెన చెట్టు. యాప్ చెప్పిన లెబ్బెక్ ఇదే, అల్బీజియా లెబ్బెక్ అని దాని శాస్త్రీయ నామం. సంస్కృతంలో శిరీషం. హైదరాబాద్‌లో ఏ ఆఫీసులో పిలిచినా ఇద్దరు శిరీషలు పలుకుతారు, వాళ్లలో ఎంతమందికి తమ పేరున్న చెట్టు రోడ్డు పక్కనే ఉందని తెలుసో మరి. ఆ పువ్వు మెత్తదనాన్ని పాత కవులు ఊరికే వదల్లేదు, సుకుమారం అంటే చాలు దిరిసెన పువ్వే. ఇంగ్లీషువాళ్లు మాత్రం పువ్వుని వదిలేసి కాయల చప్పుడు పట్టుకుని దీనికి ఆడవాళ్ల నాలుక అని పేరు పెట్టారు. పాపం వాళ్ల కాలంలో అపార్ట్‌మెంట్ వాట్సాప్ గ్రూపులు లేవు, అందులో మగవాళ్లని చూసి ఉంటే పేరు మార్చేవాళ్లు.

నా మాట మీద నమ్మకంతో కాదు, మీరే చూసి తేల్చుకోండి. ఇప్పుడే కిందకి వెళ్లి రాలిన కాయ ఒకటి ఏరండి. జానెడు పొడవు, రెండు మూడు వేళ్ల వెడల్పు, ఎండుగడ్డి రంగు, కాగితంలా పలచగా ఉండి, గింజ ఉన్న చోటల్లా చిన్న బొడిపెలా ఉబ్బి, చెవి దగ్గర ఊపితే గలగలమంటే అది దిరిసెనే. గుల్‌మొహర్ కాయ అయితే అడుగు పైనే, ఒక్కోసారి రెండడుగుల దాకా ఉంటుంది, ముదురు గోధుమ రంగులో చెక్కలా గట్టిగా, పిల్లలు కత్తియుద్ధాలు చేసుకునే రకం. అదీ కాక దాని ఆకు ఈకలా సన్నసన్నటి రేకులతో ఉంటుంది, చింతాకు కంటే పెద్దదని మీరు అనరు. పసుపు పూలు పూసే కాపర్‌పాడ్ అని ఇంకోటి మన కాలనీల్లో బాగా వేశారు, దాని కాయలు వేలెడంత, రాగి రంగులో గుత్తులుగా ఉంటాయి.

అసలు తికమక నిద్రగన్నేరుతోనే. యాప్ చెప్పిన రెయిన్ ట్రీ అదే. సాయంత్రం ఆకు ముడుచుకుంటుంది కాబట్టి జనం దిరిసెననీ నిద్రగన్నేరనే అనేస్తారు. నిజానికి రెండూ ముడుచుకుంటాయి, ఆ మాటకొస్తే చింత కూడా ముడుచుకుంటుంది, కాబట్టి మీ పాప చూసినదాన్ని బట్టి పేరు తేల్చలేం. తేడా కాయలో ఉంది. నిద్రగన్నేరు కాయ నల్లగా, లావుగా, లోపల తియ్యటి జిగురు గుజ్జుతో ఉంటుంది. పశువులు ఇష్టంగా తింటాయి, చెప్పు కింద పడితే అంటుకుంటుంది. ఊపితే గజ్జెల చప్పుడు రాదు. పువ్వు గులాబీ రంగు కుచ్చు. దిరిసెనకి లేత ఆకుపచ్చ కలిసిన తెలుపు కుచ్చులు, ఏప్రిల్, మే నెలల్లో వస్తాయి, మంచి వాసన. మీరు జూన్‌లో దిగారు కాబట్టి పూత అయిపోయాక వచ్చారు. పచ్చికాయలు వానాకాలంలో చూసే ఉంటారు కానీ ఆకుల్లో కలిసిపోయి ఉంటాయి.

ఇంతకీ అది దిరిసెన అయితే చలికాలంలో మోడవడం దాని స్వభావం. అక్టోబర్ దాటాక మన దగ్గర వాన దాదాపు ఉండదు. ఆకు ఉంటే దాంట్లోంచి నీరు ఆవిరైపోతూనే ఉంటుంది, వేరుకేమో దొరకదు. అందుకని చెట్టు ఆకు తొడిమ దగ్గర తానే అడ్డుపొర కట్టుకుని, ఆకులో పనికొచ్చేదంతా వెనక్కి లాక్కుని, మిగిలిన పసుపు ఆకుని వదిలేస్తుంది. జనవరి నుంచి మార్చి దాకా మోడు మీద ఎండు కాయలు, అంతే. ఉగాదికి అటూ ఇటూగా చిగురు. వేప, రావి, కానుగ కూడా రాలుస్తాయి కానీ అవి వెంటవెంటనే చిగురించేస్తాయి కాబట్టి మన కళ్లకి అంతగా తెలియదు. దిరిసెన తీరిగ్గా నెలల తరబడి మోడుగా నిలబడుతుంది, అందుకే చచ్చిపోయిందనిపిస్తుంది. పైగా 2021లో తెలంగాణ అంతటా వేపచెట్లు చివళ్ల నుంచి ఎండిపోవడం మనం చూశాం, అది ఫంగస్ తెగులు, వాటిలో చాలావరకు మళ్లీ చిగురించాయి కూడా. అప్పటి నుంచి ఎండిన కొమ్మ కనిపిస్తే జనానికి ఆ భయమే ముందొస్తోంది.

ఇక్కడ మీ ఉత్తరంలో ఇంకో మాట ఉంది, అంకుల్ విషయంలో చాలా ముఖ్యమైనది. ఆకు ముందు పసుపు పడింది, తర్వాత నెలన్నరలో కొంచెం కొంచెంగా, చెట్టంతా సమానంగా రాలింది అన్నారు. మందు పోసి చంపిన చెట్టు సాధారణంగా అలా చేయదండి. రాల్చడం బతికున్న చెట్టు చేసే పని, అడ్డుపొర కట్టడానికి దానికి ఓపిక ఉండాలి. ఉన్నట్టుండి చచ్చిన కొమ్మ ఆకుల్ని రాల్చలేదు, అవి గోధుమ రంగుకి మాడి, ముడతలు పడి, కొమ్మకే వేలాడుతుంటాయి. విరిగి వేలాడే కొమ్మని ఎప్పుడైనా చూడండి, ఆకు ఎండుతుంది కానీ ఊడదు. యాసిడ్ లాంటిది పోస్తే మొదట్లో బెరడు మాడిన మచ్చ ఉంటుంది. మీ చెట్టుకి ఇవేవీ ఉన్నట్టు మీరు రాయలేదు.

అయినా ఊహలెందుకు, గోరుతో తేలిపోయే పనికి. చేతికందే కొమ్మల్లో పెన్సిల్ మందం ఉన్న రెమ్మ పట్టుకుని, గోటితో పై తోలు కాస్త గీకండి. కింద పచ్చగా, తడిగా ఉంటే బతికి ఉన్నట్టు. గోధుమ రంగులో పొడిగా ఉండి, వంచితే పుటుక్కున విరిగితే ఆ రెమ్మ పోయినట్టు, రెమ్మ మాత్రమే. ఒక్క రెమ్మ చూసి తీర్పు చెప్పకండి, నాలుగు వైపులా నాలుగైదు చూడండి, మీ బాల్కనీ వైపుకొచ్చిన కొమ్మలు కూడా. ఎక్కడ గీకినా పొడిగానే ఉంటే అప్పుడు అనుమానించాలి, నాలుగైదింట్లో మూడు పచ్చగా ఉంటే ఇక ఆ చర్చ అక్కర్లేదు. ఫోటో తీసుకోండి, గీకిన చోటు దగ్గరగా, మీ వేలు కనిపించేలా.

నాకూ ఈ విషయంలో మచ్చ ఉందిలెండి. నల్లకుంటలో అద్దెకున్నప్పుడు కుండీలో దేవగన్నేరు ఒకటి పెంచాను. డిసెంబర్‌లో ఆకులన్నీ రాలి ఏనుగు దంతాల్లా రెండు కొమ్మలు మిగిలితే చచ్చిందనుకుని కుండీతో సహా చెత్త దగ్గర పెట్టేశాను. ఎదురింటావిడ పట్టుకెళ్లింది. మే నెలలో వాళ్ల గోడ మీంచి తెల్లటి పూలు నా వైపే చూస్తుంటే రోజూ అటు చూడకుండా తాళం వేసుకుని ఆఫీసుకి పోయేదాన్ని.

ఇంకో సాక్ష్యం మీ ఫోన్‌లో కాదు, మీ గ్రూపులో ఉంది. కిందటి ఏడాది సంక్రాంతికి మీరు అక్కడ లేరు కానీ ముగ్గుల ఫోటోలు ఎవరో ఒకరు పెట్టే ఉంటారు. ప్రతి అపార్ట్‌మెంట్‌లోనూ గేటు ముందు ముగ్గు, దాని చుట్టూ పట్టుచీరల్లో ఆడవాళ్లు, వెనకాల ఏదో కారు, ఆ కారు వెనకాల మీ చెట్టు. పాత ఫోటోలు ఎవరినైనా అడిగి తీసుకుని ముగ్గు వదిలేసి వెనక చూడండి. అప్పుడు కూడా మోడుగానే ఉంటే సెక్రటరీ గారి వాదన అక్కడితో అయిపోయినట్టే. అలాగే వాచ్‌మన్ భార్యని అడిగారా? రోజూ పొద్దున ఆ ఆకులు ఊడ్చేది ఆవిడే. ఏ నెలలో ఎన్ని బస్తాలు ఎత్తిపోసిందో మీకెవరికీ తెలియకపోయినా ఆవిడ నడుముకి తెలుసు. అత్తయ్యగారిది పల్లెటూరే అయితే ఆవిడ చేతిలో కూడా ఒక కాయ పెట్టి దిరిసెన అనండి. చూసి గుర్తుపడితే మోడు గొడవ ఆవిడే మర్చిపోవచ్చు.

అయితే ఒకటి అడుగుతారు మీరు: ఏళ్ల తరబడి అక్కడున్న పదకొండు ఇళ్లవాళ్లకి ఏటా మోడయ్యే చెట్టు గుర్తు లేదా అని. లేదండి. ఆకు ఉన్నా లేకపోయినా తలెత్తి చూసేది మీరొక్కరే, మీ ఉత్తరం చదివితే తెలుస్తోంది. అందుకే చచ్చిపోయింది అనే మాట ముందు మీ నోటి నుంచి వచ్చింది, ప్రేమ ఉన్నవాళ్లకే భయం ముందు కదా. మీరు అన్నాక మిగతావాళ్లు తలెత్తి చూశారు, చచ్చిన చెట్టే కనపడింది. సెక్రటరీ గారు ఆదివారం మాట్లాడబోయేది మీ మెసేజ్ ఆధారంగానే. మీకు కష్టంగా ఉంటుందేమో కానీ చెప్పాలి, ఇప్పుడు ఆ చెట్టు మీదకి గొడ్డలి వస్తున్నది అంకుల్ బకెట్టు వల్ల కాదు.

అందుకని ఆదివారం లోపు మీ ముందున్న దారులు ఏమిటో చూద్దాం. ఏమీ మాట్లాడకుండా ఉగాది దాకా ఆగడం ఒకటి. చిగురు వస్తే అందరికీ అదే తెలుస్తుంది, మీరు నోరు విప్పనక్కర్లేదు. సుఖంగా ఉంది కానీ చెట్టు అప్పటిదాకా ఉంటేనే కదా. పైసా తీసుకోకుండా కొడతానన్నవాడి సంగతి కొంచెం ఆలోచించండి, ఇంత పెద్ద మాను కొట్టి, తాళ్లు కట్టి దింపి, ఊడ్చి పోవడం రెండు మూడు రోజుల కూలి. దిరిసెన చేవ ముదురు గోధుమ రంగులో గట్టిగా ఉంటుంది, సామాన్లకి పనికొచ్చే కలప. అతని లెక్క అతనికి ఉంది.

రెండోది, గ్రూపులో చెట్టు సంగతి మాత్రం పెట్టడం. గీకిన రెమ్మ ఫోటో, కాయ ఫోటో, పాత ముగ్గు ఫోటో పెట్టి, ఇది దిరిసెన, ఏటా రాలుస్తుంది, మార్చి దాకా ఆగుదాం అని రాయడం. చెట్టు బతకడానికి ఇది చాలావరకు సరిపోతుంది. కానీ అంకుల్ గురించి ఒక్క ముక్క లేకుండా ఆ మెసేజ్ పెడితే, ఆయన గ్రూపులో లేకపోయినా సాయంత్రానికల్లా ఎవరో ఒకరు చూపిస్తారు. నన్ను హంతకుడన్న మనిషి ఇప్పుడు బోటనీ పాఠం చెప్తోంది అనుకుంటారు. ఆంటీ ఇంకా ఎక్కువ అనుకుంటారు.

మూడోది, ముందు వాళ్ల ఇంటికి వెళ్లి, తర్వాత గ్రూపులో రాయడం. నాకైతే ఇదే సరైనదనిపిస్తోంది, సులువైనదని మాత్రం అనను. ఆయన తలుపు తీయకపోవచ్చు. తీసి, పేపర్ చదువుకుంటూ మీ మాట విననట్టు కూర్చోవచ్చు. నాలుగు మాటలు అనొచ్చు కూడా, పడాలి. ఒకవేళ ఆయన నిజంగానే, "అవునమ్మా, చెట్టు పోవాలనే పోశాను" అన్నారనుకోండి, అప్పుడు కూడా మీరు వెళ్లిన పని మారదు. ఎందుకంటే మీరు తప్పు చేసింది చెట్టు పేరు తెలియకపోవడంలో కాదు. బకెట్టులో ఏముందో చూడకుండా పన్నెండు ఇళ్ల ముందు ఒక పెద్దాయన్ని నిలబెట్టడంలో. అందులో సున్నం నీళ్లు ఉండొచ్చు, చెదలకని చాలామంది మొదట్లో పోస్తారు. ఫినాయిల్ ఉండొచ్చు, నీళ్లలో కలిస్తే తెల్లబడుతుంది, పార్కింగ్ కడిగి మిగిలింది అక్కడ కుమ్మరించి ఉండొచ్చు. ఒక బకెట్టు ఫినాయిల్‌తో అంత మాను చావడం కష్టం, పోయకపోతే మంచిది అంతే. నిజంగా ఏదైనా మందే పోసి ఉండొచ్చు కూడా. నాకు తెలియదు, మీకూ తెలియదు.

వెళ్తే శనివారం పొద్దున వెళ్లండి, ఒక్కరే వెళ్లండి. పాపని చంకనేసుకుని వెళ్లకండి, అది అడ్డం పెట్టుకోవడం అవుతుంది. స్వీట్ డబ్బా కూడా వద్దు. "అంకుల్, ఆ రోజు గ్రూపులో అలా రాయడం నా తప్పు. ఏం పోశారో తెలియకుండా అందరి ముందూ అన్నాను. గ్రూపులో కూడా రాస్తాను" అనండి చాలు. మీ చెట్టు ప్రేమ, మీ పని ఒత్తిడి, నిద్ర లేకపోవడం, ఇవన్నీ ఆయనకి చెప్పాల్సిన పని లేదు. అదే ఊపులో "ఇంతకీ ఏం పోశారు అంకుల్" అని మాత్రం అడక్కండి, క్షమాపణ కాస్తా విచారణ అయిపోతుంది. ఆయనంతట ఆయన చెప్తే వినండి. ఆంటీతో పాప సంగతి కూడా ఆ రోజు ఎత్తొద్దు. మూడున్నర బస్సు అవసరం కోసం వచ్చిందని వాళ్లకి ఒక్క క్షణం అనిపించినా మీరు మెట్లు దిగిందంతా వృథా. ఒక రెండు నెలలకి పాప కోసం వేరే ఏర్పాటు చూసుకోండి, ఖర్చైనా సరే. ఆంటీ మళ్లీ తానే పిలిస్తే అదృష్టం, పిలవకపోవచ్చు కూడా, దానికి సిద్ధపడే వెళ్లండి.

ఆ తర్వాత గ్రూపులో రాసేటప్పుడు రెండూ ఒకే మెసేజ్‌లో పెట్టండి, ముందు అంకుల్ సంగతి, తర్వాత చెట్టు సంగతి, ఫోటోలతో. పాత మెసేజ్ డిలీట్ చేయకండి, అందరూ ఎప్పుడో స్క్రీన్‌షాట్ తీసే ఉంటారు.

ఇంత చేసినా ఆదివారం కొట్టేద్దామనే అంటే అప్పుడు చట్టం మాట. చెట్టు గేటు బయట ఉంది, అది అసోసియేషన్ సొత్తు కాదు. లోపల ఉన్నా సరే, 2002 నాటి వాల్టా చట్టం (నీరు, భూమి, చెట్ల సంరక్షణ చట్టం) ప్రకారం అనుమతి లేకుండా చెట్టు కొట్టడం కుదరదు, అటవీ శాఖకి దరఖాస్తు పెట్టుకోవాలి, వాళ్లు చూసి చెప్పాలి. ఈ మాట మీటింగ్‌లో మీరు మెల్లగా అనొచ్చు, "కొట్టేముందు పర్మిషన్ తీసుకున్నామా, లేకపోతే ఫైన్ మన అసోసియేషన్ కట్టాలి కదా" అని. ఫైన్ అనగానే చాలామందికి చెట్ల మీద గౌరవం పెరుగుతుంది. నేరుగా అధికారులకి ఫిర్యాదు పెట్టడం కూడా మీ చేతిలో ఉంది, గొడ్డలితో మనిషి గేటు దగ్గరికి వచ్చేశాడంటే పెట్టాల్సిందే. కానీ ముందే పెడితే రెండు నెలల్లో రెండోసారి మీరు సొంత బిల్డింగ్‌వాళ్ల మీద వేలు చూపించినట్టు అవుతుంది, అక్కడే ఇంకా ఇరవై ఏళ్లు ఉండాలి మీరు.

సెక్రటరీ గారి భయాన్ని పూర్తిగా కొట్టిపారేయకండి, అందులో కొంత నిజం ఉంది. బతికున్న చెట్టు కూడా పడుతుంది. మొదట్లో పుట్టగొడుగుల్లాంటివి మొలిచాయా, మాను డొల్లగా ఉందా, ఒకవైపు ఒరిగి రెండో వైపు మట్టి పగిలిందా, ఈమధ్య కేబుల్ కోసమో డ్రైనేజీ కోసమో తవ్వి పెద్ద వేళ్లు నరికారా, ఇవి చూడాలి. వీటిలో ఏది ఉన్నా తెలిసినవాళ్లకి చూపించండి, ఉస్మానియాలో బోటనీ వాళ్లున్నారు, పేరు విషయంలో అనుమానం ఉంటే కాయ, రెమ్మ పట్టుకెళ్లి చూపించినా చెప్తారు. ఫోటోలో ఒకటి మాత్రం నాకు కనిపించింది, మాను చుట్టూ సిమెంటు బెరడుని ఆనుకునే వేసేశారు. మీరు మీటింగ్‌లో ఏదైనా అడగదలిస్తే అది అడగండి, చుట్టూ కనీసం మూడడుగులు సిమెంటు పగలగొట్టి మట్టి వదలమని. కారు మీదకి వాలిన కొమ్మలు ఎండాకాలం గాలులు మొదలవకముందే మునిసిపల్ వాళ్లకి చెప్పి కొట్టించడానికి ఒప్పుకోండి. అంకుల్‌కి ఆ చెట్టుతో ఉన్న గొడవ నిజమైనదే, రోజూ కారు తుడుచుకునేది ఆయన కదా.

గజ్జెల చప్పుడుకి మాత్రం నా దగ్గర మందు లేదు. చిగురు వచ్చే రోజులకి చాలా కాయలు రాలిపోతాయి, అప్పటిదాకా అటువైపు కిటికీ మూసుకోండి.

గోటితో గీకి చూశాక ఏం కనిపించిందో నాకు రాయండి. చిగురు వస్తే ఫోటో పంపండి, ఈసారి వాటర్ ట్యాంకు లేకుండా. మే నెలలో పువ్వు తెల్లగా కాక గులాబీ రంగులో వచ్చిందంటే అది నిద్రగన్నేరు, నేను చూడకుండానే పేరు చెప్పేసినట్టు. అదే జరిగితే ఇక్కడే అందరి ముందూ ఒప్పుకుంటాను.